దానం పట్టినవాడు

గ్రహణం విడిచి అరగంటైనా పురోహితుడు రాలేదు.

మల్కాజ్‌గిరిలో గుడి మెట్ల దగ్గర లీలాకుమారి తడిజుట్టుతో నిలబడి ఫోన్ చేస్తూనే ఉంది. స్విచాఫ్.

ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. ఇక్కడ కనిపించింది పాతిక నిమిషాలే. కానీ పట్టింది పుబ్బ నక్షత్రంలో. ఆమె కూతురు రాధికది పుబ్బే.

రెండేళ్ల కింద గుండె మార్చిన పిల్ల. వారం రోజులుగా జ్వరం.

“గ్రహణ దానం ఇవ్వండమ్మా, దోషం పోతుంది. నేనే వచ్చి పడతాను” అని మాటిచ్చిన రఘునాథశర్మ జాడ లేదు.

దానం పట్టినవాడికి ఆ దోషం చుట్టుకుంటుందని అందరికీ భయమే. గుడి ముందున్న ఇద్దరు అయ్యవార్లను బతిమాలింది. సంచిలోని వెండి చంద్రుణ్ణి, బియ్యాన్ని, ఉలవల్ని చూసి ఇద్దరూ తప్పుకున్నారు.

“నేను పడతా అమ్మా.”

అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉన్నాడు. మెడ దగ్గర జంధ్యం కనిపిస్తోంది.

“మా అమ్మాయి పేరు మీదండీ. రాధిక అని...”

“ఇయ్యుండ్రి.”

దోసిలి పట్టాడు. ఆమె నీళ్లు వదిలి సంచి అందించింది.

“ఈ బిడ్డ మీదున్నదంతా నా మీదికి రానీ” అన్నాడు కళ్లు మూసుకుని.

దక్షిణ ఇవ్వబోతే వద్దన్నాడు. లీలాకుమారి అతని కాళ్లకు దండం పెట్టింది.

నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు. శర్మ మాత్రం దిగాడు.

“ఆ రోజు ఒంట్లో బాగోలేదమ్మా. ఇంతకీ దానం ఎవరికిచ్చారు?”

చెప్పింది.

“అయ్యో! ఆయన పేరు బ్రహ్మచారి, వడ్రంగి. వాళ్లూ జంధ్యం వేసుకుంటారు. మా గుడి తలుపులు చేసింది ఆయనే. పౌరోహిత్యం లేనివాడు పడితే చెల్లదమ్మా. దోషం మీ ఇంట్లోనే ఉంది.”

లీలాకుమారికి ఒళ్లు మండిపోయింది. శర్మను ఏమీ అనలేకపోయింది. ఆ కోపం కూడా కలుపుకుని స్టేషన్ వెనకున్న వడ్రంగి దుకాణానికి వెళ్లింది.

“జంధ్యం చూసి నమ్మాను. ఇంత మోసమా?”

బ్రహ్మచారి చేతిలోని చిత్రిక కింద పెట్టాడు. “నేను అయ్యగారినని చెప్పలేదమ్మా.”

“చెప్పకపోవడమే మోసం! పిల్ల ప్రాణంతో ఆటలా నీకు?”

పక్క దుకాణాల వాళ్లు పోగయ్యారు.

అతను లోపలికి వెళ్లి సంచి తెచ్చి ముందు పెట్టాడు. “చంద్రుడు గిట్లనే ఉన్నడు. బియ్యం మాత్రం వండుకొని తిన్న.”

“తిన్నావా? సిగ్గు లేదూ?”

“తింటేనే దోషం నాకు తగుల్తదన్నరు.”

ఆమెకది వెటకారంలా వినిపించింది. సంచి లాక్కుంది.

“బిడ్డకు జ్వరం తగ్గిందా అమ్మా?”

“నా బిడ్డ ఊసు నీకెందుకు? మళ్లీ మా ఛాయల్లో కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తాను!”

అతను చేతులు జోడించాడు.

మరో వారానికి మందులతో జ్వరం తగ్గింది. నెల తిరిగాక రాధికను చెకప్‌కు ఆస్పత్రికి తీసుకొచ్చింది. కూతురు డాక్టర్ గదిలోకి వెళ్లగానే నర్సు ఆలిస్ వచ్చి పక్కన కూర్చుంది.

“ఆంటీ, బ్రహ్మచారి గారితో ఏమన్నా గొడవైందా?”

లీలాకుమారి ఉలిక్కిపడింది. “ఆ మోసగాడు నీకెలా తెలుసు?”

“రాధిక చెకప్ ఉన్న ప్రతిసారీ వస్తారు. ఆ చివరి కుర్చీలో కూర్చుని, తను నడుచుకుంటూ బయటికెళ్లేదాకా చూసి పోతారు. ఈసారి తేదీ చెబుదామని మొన్న ఫోన్ చేశా. దుకాణం ఖాళీ చేసి వెళ్లిపోయారంట.”

“ఎక్కడికి?”

“చెప్పలేదు. ‘నేను చూస్తే ఆ తల్లికి తక్లీఫ్ అయితున్నది, ఇంక రాను’ అన్నారు. ఆ తర్వాత ఫోన్ కలవట్లేదు.”

“మా పిల్లను చూడ్డానికి ఆయనెవరు?”

ఆలిస్ డాక్టర్ గది తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మేం చెప్పకూడదు ఆంటీ... రాధికకు పెట్టింది ఆయన ఒక్కగానొక్క బిడ్డ గుండె.”