ఫట్ పిన్ని

"ఈ ఏడాదికి ఇది పదిహేడో బీకరు సార్. ఈవిడని ఇవాళే పంపించెయ్యండి" అన్నాడు కెమిస్ట్రీ లెక్చరరు.

ప్రిన్సిపాల్ రిజిస్టరు తిరగేశాడు. ల్యాబులో గాజు పగిలితే లెక్చరరు ఉన్నపళంగా వచ్చి చూసి, అందులో సంతకం పెట్టాలని కాలేజీ రూలు. పదిహేడు చోట్లా ఆయన సంతకమే ఉంది.

ల్యాబు అటెండరు తల వంచుకుని నిలబడింది. పిల్లలు తనకి 'ఫట్ పిన్ని' అని పేరు పెట్టి నవ్వుకుంటారని ఆమెకు తెలుసు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకునేది.

"ఎందుకమ్మా ఇన్ని పగులుతున్నాయి?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

ఆమె నోరు విప్పలేదు. ఇదివరకు ఒకసారి విప్పింది. సారు ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే ల్యాబుని ఆనుకున్న రికార్డు గదిలోకి పిలిచి గడియ పెడుతున్నాడనీ, ఒక పిల్ల ఏడుస్తూ బయటికొచ్చిందనీ చెప్పింది. సాక్ష్యం లేకుండా పెద్దమనిషి మీద నిందలేస్తావా అని ఈ ప్రిన్సిపాలే కసిరాడు. ఆ మర్నాటి నుంచే ఆమె చేతులు జారడం మొదలుపెట్టాయి. అక్కడ గడియ పడిందంటే ఇక్కడ బీకరు నేలమీద పడేది. తిట్టుకుంటూనైనా ఆయన తలుపు తీసుకుని రాక తప్పేది కాదు.

"తాళాలు ఇచ్చేసి వెళ్ళు" అన్నాడు ప్రిన్సిపాల్.

లెక్చరరు గడియారం చూసుకుని లేచాడు. రెండింటికి ప్రాక్టికల్స్. ముప్పై ఒకటో నంబరు అమ్మాయిని రికార్డు పట్టుకుని గదికి రమ్మని వరండాలోనే పురమాయించి ముందుకు సాగిపోయాడు.

వాచ్‌మన్ వెంట రాగా పిన్ని బయటికి నడిచింది. ఆ పిల్ల ల్యాబు గుమ్మం దగ్గరే ఎదురైంది. చేతిలో రికార్డు ఉంది.

"వెళ్ళకే తల్లీ."

"మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి పిన్నీ" అంది ఆ పిల్ల. రికార్డు గదిలోకి వెళ్ళింది.

గడియ పడింది. పిన్ని ల్యాబులోకి అడుగు వేయబోతే వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. ఆమె తన ఖాళీ చేతులు చూసుకుంది. ఇంక ఈ పిల్లలకి దిక్కెవరని ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే ల్యాబులో ఫట్‌మని ఒక బీకరు పగిలింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత, మిగిలిన ఆడపిల్లలందరి చేతులూ ఒక్కసారిగా జారాయి.