కొత్త జనరేటరు

“తనిఖీ పదకొండు గంటలకు. ఇప్పుడు తొమ్మిదిన్నర. జనరేటరు యాడ?” అని సింధూ మొగుణ్ణి నిలదీసింది.

సుధన్వ దగ్గర జనరేటరు తప్ప అన్నీ ఉన్నాయి. ఏడుగురు డీలర్ల కొటేషన్లు కూడా ఉన్నాయి. ప్రొద్దుటూరులో ఆన్‌లైన్ పరీక్షల సెంటరు పెట్టాలని వంద కంప్యూటర్లు అమర్చుకున్న మనిషి, మూడు నెలలుగా జనరేటరు ఎంచుతూనే ఉన్నాడు. నలభై కేవీఏ చాలంటే ఏసీల సంగతేమిటని అనుమానం. అరవై రెండు తీసుకుందామంటే డీజిలు తాగేస్తుందని భయం. చప్పుడు చేయనిది బాగుందంటే, చప్పుడే లేకపోతే నడుస్తోందో లేదో ఎట్లా తెలుస్తుందని మరో ధర్మసందేహం. ఎంచి ఎంచి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. సొంత జనరేటరు లేనిదే సెంటరుకు అనుమతి రాదు. అనుమతి రాకపోతే వంద కంప్యూటర్లకూ బూజు దులుపుకుంటూ కూర్చోవాల్సిందే.

“నువ్వు నన్ను కూడా ఇట్లే ఎంచింటే, నాకింకా పెండ్లి అయ్యుండేది కాదు” అంది సింధూ.

అతనికి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. పెండ్లి అన్న మాట చెవిన పడగానే మాత్రం దారి దొరికింది. పెండ్లిళ్లకు షామియానాలు, జనరేటర్లు బాడుగకిచ్చే వలి బాషాకు ఫోన్ కొట్టాడు.

వలి బాషా ఎందుకు, ఏమిటి అని అడగలేదు. సాయంత్రం దువ్వూరులో పెండ్లి ఉందని, ఒంటిగంటకల్లా వదిలేయాలని మాత్రం చెప్పి, గంట తిరక్కముందే ట్రాలీ మీద మిషను తెచ్చి పెట్టాడు. పోయిన వారమే రంగు వేయించాడట, తళతళలాడుతోంది. ఇద్దరూ కలిసి చక్రాలు కనపడకుండా చుట్టూ ఇటుకలు పేర్చారు. అయినా సుధన్వకు ధైర్యం చాలలేదు. పట్టుబడితే ఏం గతి అని అడిగాడు.

“ఏం కాదులే సామీ. ఇది ఫలానా వాళ్లదని జనరేటరు మొగాన రాసుంటాదా?” అని వలి బాషా తన దారిన వెళ్లిపోయాడు.

పదకొండుకు ప్రసూన మేడమ్ కారు దిగింది. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సెంటర్లన్నీ తనిఖీ చేసేది ఆమే. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, చూపు చురుకు. కంప్యూటర్లు చూసింది, కెమెరాలు చూసింది, జనరేటరు దగ్గరికొచ్చి మెయిన్ ఆపమంది. సుధన్వ దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు. మొదటి నొక్కుకే మిషను అందుకుంది, హాల్లో లైట్లన్నీ వెలిగాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఆమె వంగి, మిషను మూత సందులోంచి నాలుగు పసుపు బియ్యపు గింజలను వేళ్లతో ఏరింది. సుధన్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ పెండ్లి తలంబ్రాలో ఏమో. దులపడం మరిచిన వలి బాషాను మనసులోనే తిట్టుకున్నాడు. కానీ పురోహితుడి కొడుకు కదా, ఇలాంటి అబద్ధానికి తడుముకోవాల్సిన పని లేకపోయింది.

“అక్షింతలు మేడమ్. కొత్త మిషను కదా, నిన్న మా నాయన పూజ చేసినారు.”

ప్రసూన ఆ గింజల్ని అరచేతిలో వేసుకుని కళ్లకద్దుకుంది. వెనక నిలబడ్డ సింధూ ఊపిరి పీల్చుకుంది.

“అక్షింతలేలే సుధన్వా” అంది ప్రసూన నెమ్మదిగా. “నిన్న పులివెందుల సెంటరులో, కొత్త జనరేటరని చెప్పి, వీటిని నా చేతనే వేయించినారు.”