జ్వరం పట్టీ

"పులిపిల్లలను సంపింది మీరే సారూ! అడవిల జంతువులన్నిటికీ జ్వరం పట్టీలు కట్టిన్రు. మా గూడెం కుక్కలకు రోగం రాకుండ ఒక్క సూదన్న ఏసిన్రా?" రేంజరు మీద ఈదమ్మ విరుచుకుపడింది.

"నీ కుక్కకూ పట్టీ ఉందిగా అవ్వా? జ్వరమొస్తే మాకు తెలిసేది," అన్నాడతను.

జ్వరమని తెలిస్తే కుక్కను పట్టుకుపోయి చంపేస్తారని, పట్టీ విప్పి మేక మెడకు కట్టింది ఈదమ్మే. జ్వరంతో ఉన్న ఆ కుక్కనే వెంటబెట్టుకుని అడవిలోకి తేనెకు పోయింది. పులి దాచుకున్న మాంసంలో అది మూతి పెట్టింది. ఆ మాంసమే పులిపిల్లలు తిన్నాయి, అదే జ్వరం తగిలి చచ్చాయి.

"పట్టీ మేక మెడల ఉన్నది. నన్ను జైల్ల ఏస్తె ఎయ్యి," అంది తలవంచుకుని. "ఇంకో పులిపిల్ల బతికున్నదట గదా. కుక్కలను పట్టుకపోనని మాటియ్యి, అన్నిటికీ ఇప్పుడే సూదెయ్యి. లేకుంటే రేపు ఇంకొకరు జ్వరం దాస్తరు."