పై వాటా చప్పుడు

డ్రమ్మర్ రెండేసి మెట్లు ఎక్కుతూ పై వాటాకి వెళ్ళాడు. తలుపు బాదబోయి ఆగాడు. అది తెరిచే ఉంది.

కిటికీ పక్కన ఒక పెద్దావిడ కుట్టుమిషను తొక్కుతోంది. సూది కింద సగం కుట్టిన బడి చొక్కా.

అతను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాక గానీ ఆవిడ తలెత్తలేదు.

"ఏంటమ్మా ఈ గోల! కింద పాట రికార్డు చేసుకుంటున్నాం. పొద్దుట్నుంచీ చచ్చీ చెడీ ఆఖరి పాట పూర్తి చేస్తే, దాన్నిండా మీ మిషను చప్పుడే!"

ఆవిడ అతని మొహంలోకే చూస్తూ, అతను ముగించేదాకా ఆగింది.

"అయ్యో, కిందికొస్తోందా నాయనా? నాకు తెలీలేదు."

"మళ్ళీ వాయిద్దామంటే టైము లేదు. అద్దె మైకులు సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి."

"ఇంక తొక్కన్లే. చేత్తో కుట్టుకుంటా. మీరు కానివ్వండి."

అంత మెత్తగా చెప్పేసరికి అతనికి దెబ్బలాడ్డానికి ఏమీ మిగల్లేదు. విసురుగా దిగిపోయాడు.

పాపం, అతని బాధ అతనిది. ఏ కంపెనీ అండా లేని రాక్ బ్యాండు వాళ్ళది. పన్నెండేళ్ళ కిందట మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఒక విమర్శకుడు పాటల్ని వదిలేసి ఇతని మీద పడ్డాడు. "ఈ డ్రమ్మర్ పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో వినడు. పాటని మెడపట్టి ఈడ్చుకుపోతాడు" అని రాశాడు. ఆ మాట బ్యాండులో అందరి నోళ్ళలోనూ నానింది. ఏడాది తిరక్కుండా ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఇతను టైర్ల కొట్లో పనికి కుదిరాడు.

ఇన్నాళ్ళకి మళ్ళీ కూడారు. అందులో ఇతనికి చోటు దొరికిందంటే, గాయకుడు అక్క మొగుడు కావడం వల్లే. "మా తమ్ముడు లేకుండా పాడేటట్టయితే ఇంటి మొహం చూడకండి" అందిట అక్క.

ఆ మచ్చ చెరుపుకోడానికి అతనికి ఇదొక్కటే అవకాశం.

"ఆ మిషను చప్పుడు తగ్గించగలిగినంత తగ్గించాన్రా బామ్మర్దీ. ఎవరికీ వినపడదులే" అన్నాడు గాయకుడు.

ఆల్బమ్ విడుదలైంది.

మొదట్లో శ్రోతలు ముక్తసరిగా పలకరించారు. పాత పాటలే నయం అన్నారు కొందరు. గొంతు ముదిరిందన్నారు ఇంకొందరు. "మా ఆయన బట్టతలలాగే ఇదీ అలవాటైపోతుందిలెండి" అని ఒకావిడ ఓదార్చింది.

తర్వాత ఆ పాత విమర్శకుడే కలం పట్టాడు.

గాయకుడు టైర్ల కొట్టుకి పరిగెత్తుకొచ్చి ఫోను చేతిలో పెట్టాడు.

"చదువు బామ్మర్దీ! నీ గురించే!"

డ్రమ్మర్ గుండె చిక్కబట్టుకుని చదివాడు.

"మిగతా పాటలు ఫరవాలేదు. ఆఖరి పాట మాత్రం నన్ను వదలడం లేదు. డ్రమ్ము దెబ్బల మధ్య ఒక సన్నని టకటక వినండి. పాట నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తుంది. అందరూ ఆగిన చోట ఆగి, అందరితో కలిసి మళ్ళీ బయలుదేరుతుంది. ఈ డ్రమ్మర్ వినడం నేర్చుకున్నాడు. నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అతని మొహం వెలిగింది. మరుక్షణమే వాడిపోయింది.

"బావా, అది నేను వాయించింది కాదు."

"నాకు తెలీదా? నోరు మూసుకుని ఊరుకో."

ఇక ఆ పాటని జనం ఒకరికొకరు పంపుకున్నారు. డ్యూటీ దిగి బస్సులో వింటూ ఏడ్చేశానని ఒక నర్సు రాసింది. ఆ టకటక వాయించిన చేతులకి దణ్ణం అని మరొకరు రాశారు. కొట్టు యజమాని ఎన్నడూ లేనిది అతనికి కుర్చీ వేశాడు.

ఆ మెప్పు ఒక్కటీ అతనికి గొంతు దిగలేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ పాటే మళ్ళీ మళ్ళీ విన్నాడు.

"ఆవిడ ఏదో యథాలాపంగా కుట్టుకోలేదు బావా. మనం వాయిస్తుంటే మనతో పాటే తొక్కింది. నేను పైకెళ్ళి కసురుకుని వచ్చాను."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"ఆల్బమ్ మీద ఆవిడ పేరు వేద్దాం. కచేరీకి తీసుకొచ్చి ముందు వరసలో కూచోబెడదాం. అందరి ముందూ నిజం చెప్పేస్తా."

"ఆ విమర్శకుడు నిన్ను మళ్ళీ ఉతికి ఆరేస్తాడ్రా."

"ఆరెయ్యనీ."

గాయకుడు బామ్మర్ది భుజం తట్టాడు.

"సరే పద. ఇంతకీ ఆవిడ పేరేంటి?"

ఇద్దరికీ తెలీదు.

వెళ్ళేసరికి పై వాటా ఖాళీగా ఉంది. ఇల్లుగలావిడ గోడలకి రంగు వేయిస్తోంది.

"మొన్ననే వెళ్ళిపోయింది బాబూ. కింద పిల్లల పనికి నా మిషను అడ్డమొస్తోంది అంది. ఉండమని ఎంత బతిమాలినా ఆగలేదు."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడో గది దొరికిందంది. అడ్రసు అడగడం నాకూ తోచలేదు."

డ్రమ్మర్ ఆ ఖాళీ గదిలో కూలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనే వెళ్ళగొట్టానమ్మా. మా పాటల్ని అంత శ్రద్ధగా విన్న మనిషిని!"

ఇల్లుగలావిడ అతనికేసి వింతగా చూసింది.

"వినడమేంటి బాబూ, జ్వరమొచ్చి ఆవిడకి రెండు చెవులూ పోయి ఎన్నేళ్ళయిందో! ఎదురుగా నిలబడితే పెదాలు చూసి మాట పోల్చుకునేది, అంతే. మీరు కింద వాయిస్తున్నంతసేపూ ఒక పాదం నేలకి ఆనించి, అక్కడ తగిలే అదురుని బట్టి రెండో పాదంతో మిషను తొక్కుతూ మురిసిపోయేది."