గొట్టంలో పడని ఉమ్మి

నాకు మలేరియా ఉందని తేలింది. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఇప్పుడు రక్తం తీయరట, ఉమ్మి చాలట. ఆస్పత్రి బండిలో ఊరూరా తిరిగి ఆ పరీక్ష చేస్తున్నది ఎవరనుకున్నారు? నా కూతురు సిలాంతొయ్. నేను కుదిర్చిన పెళ్ళి కాదని చదువుకోడానికి వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళు.

చిన్న గొట్టం నా మూతి ముందు పెట్టి, "ఇందులో ఉమ్మండి, పెద్దాయనా," అంది. నాన్నా అనలేదు.

నేను గొంతు సవరించుకుని, తుపుక్కున దాని నున్నటి గుండు నడినెత్తిన ఉమ్మాను.

వరసలో ఉన్న నా ఈడు ముసలాళ్ళు పగలబడి నవ్వారు. "వీడికి జ్వరం తలకెక్కిందిరా. గొట్టమేదో గుండేదో తెలీట్లా."

సిలాంతొయ్ తల తుడుచుకోలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది. "గొట్టంలో, నాన్నా," అంది.

రెండోసారి బుద్ధిగా గొట్టంలోనే ఉమ్మాను.

గొట్టం ఎందుకో నాకు మొదటిసారీ తెలుసు. మా మాసాయి తెగలో ఆడపిల్ల ఇల్లు విడిచేటప్పుడు తండ్రి దాని నెత్తిన ఉమ్మి దీవించాలి. అది వెళ్ళిననాడు నేను మొహం తిప్పుకున్నాను. ఆ ఉమ్మి తొమ్మిదేళ్ళుగా నా నోట్లోనే ఉంది.