బ్రాకెట్లు లేని పేరు

వైవాకు పేరు పిలిచినా జుల్ఫికర్ లేవలేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచారు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పూటకు హర్షిత్ అంటే తనే.

అసలు హర్షిత్ ఆ సమయానికి రాందాస్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాడు. టేక్మాల్ భూస్వామి ఇంద్రకరణ్ కొడుకు. డిగ్రీ మొత్తంలో కాలేజీ గేటు దాటింది ఫ్రెషర్స్ డే నాడు ఒక్కసారే, అదీ డీజే కోసం. అందువల్ల అతని మొహం ఏ సారుకూ తెలియదు. చదువు ఎగ్గొట్టినందుకు దక్కిన లాభం అదొక్కటే.

థియరీ పేపర్లు చిట్టీల మీద గడిచిపోయాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రాక్టికల్ దగ్గర బండి ఆగింది. అందులో ఒక్కో రోల్ నంబరుకు ఒక్కో లెక్క. ఒకడి జవాబు ఇంకొకడికి పనికిరాదు. చిట్టీ రాసిమ్మని వచ్చిన హర్షిత్‌కు, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసిన జుల్ఫికర్ ఆ మాటే చెప్పాడు.

"గట్లైతే నువ్వే పో అన్నా," అన్నాడు హర్షిత్, పక్కింటి నుంచి పేపర్ తెమ్మన్నంత తేలిగ్గా.

తిట్టి పంపాల్సిందే. కానీ నిజాంపేటలో ఇంద్రకరణ్ కొత్తగా పెడుతున్న కాలేజీలో లెక్చరర్ పోస్టు ఒకటుంది. పిల్లగాడు గట్టెక్కితే పోస్టు నీదేనన్నాడు పెద్దాయన. ట్యూషన్లు చెప్పి చెప్పి గొంతు అరిగిన జుల్ఫికర్ ఆ మాటకు పడిపోయాడు. దొరికితే మాత్రం పోస్టు మాట దేవుడెరుగు, పోలీస్ స్టేషన్ ఖాయం. ఇంటర్వ్యూకే పోతున్నాడనుకుని వాళ్లమ్మ ఖమర్ జహాన్ పొద్దున్నే దువా చేసి మరీ పంపింది.

ప్రోగ్రాం అలవోకగా రాసేశాడు. మిగిలింది వైవా. అదే ప్రాణం తీసేలా ఉంది.

ల్యాబ్ ఇన్‌చార్జి పరశురాం సార్ అతన్ని ఎక్స్‌టర్నల్ ప్రభాకర్ సార్ ముందు కూర్చోబెట్టి, ఆయనకు బిర్యానీ చెప్పడానికి వెళ్లిపోయారు. సంగారెడ్డి నుంచి వచ్చిన ప్రభాకర్ సార్ ఈ కాలేజీకి రావడం ఇదే మొదలు. మహా కఠినమైన మనిషని మాత్రం ముందుగానే పేరు పాకింది. హర్షిత్‌ది ఆఖరి నంబరు కాబట్టి గదిలో ఇక ఇద్దరే మిగిలారు.

జుల్ఫికర్ హాల్‌టికెట్ ముందుకు జరిపాడు. జిరాక్స్‌కు జిరాక్స్ తీసిన ఫోటో. అందులో ఉన్నది హర్షితో, హర్షిత్ వాళ్ల బర్రెనో తేల్చడం కష్టం.

ప్రభాకర్ సార్ దాన్ని ముట్టుకోను కూడా లేదు.

"పక్కన పెట్టుండ్రి. మనిషి ముందట ఉన్నంక ఫోటో ఎందుకు?"

డిగ్రీ పిల్లగాణ్ని పట్టుకుని 'పెట్టుండ్రి' అనే ఎగ్జామినర్‌ను జుల్ఫికర్ జన్మలో చూడలేదు. ఇది వెటకారమే అనుకున్నాడు.

సార్ నుదురు తుడుచుకున్నారు. ప్రశ్నల కాగితం చూశారు. తలుపు వైపు చూశారు. మళ్లీ కాగితం చూశారు. పరశురాం సార్ రాగానే పట్టిద్దామని ఆగుతున్నట్టున్నారు.

"సున్నా యాడ వస్తదో వెతికే ఈ పెద్ద ఫంక్షన్‌కు ఇంకో ఫంక్షన్‌ను ఇచ్చిండ్రు. దాని పేరు పక్కన బ్రాకెట్లు లేవు. మరిచిపోయిండ్రా?"

ఎంత వణుకులో ఉన్నా జుల్ఫికర్‌కు పాఠం చెప్పే బుద్ధి చావలేదు.

"దావత్ అనుకోండ్రి సార్. ఎంతమంది వస్తరో ముందు తెల్వదు. బ్రాకెట్లు పెడితే ఈడనే వండి అన్నం గంజు పంపినట్టు. గా వంట గంతమందికే సరిపోతది. బ్రాకెట్లు లేకుంటే వంటాయనే పోతడు. ఆడ ఎందరొస్తే అందరికి వండుతడు. ఈ పెద్ద ఫంక్షన్ గూడ గంతే, ఒక్కో అంకె ఇచ్చుకుంట సున్నా వచ్చేదాంక అడుగుతనే ఉంటది. గందుకే జవాబు పంపితే పని కాదు సార్, జవాబు చెప్పేటోన్నే పంపాలె."

ఆఖరి మాట నోరు దాటాక గానీ తానేం అన్నాడో అతనికి అర్థం కాలేదు. తనను తానే పట్టి ఇచ్చినట్టయింది. నాలుక కరుచుకున్నాడు.

ప్రభాకర్ సార్ పెన్సిల్ తీసుకున్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెబుతుంటే కాగితం అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు. వాంగ్మూలం తీసుకుంటున్నారని జుల్ఫికర్ నిశ్చయించుకున్నాడు. నిజాంపేట కాలేజీకి మనసులోనే సలాం కొట్టేశాడు.

"జవాబు చెప్పేటోన్నే పంపాలె," అని సార్ తనలో తను గొణుక్కుని, ఎందుకో నవ్వారు. ఆ తర్వాత యాభైకి యాభై వేశారు. సంతకం పెట్టారు. లేచి చేయి కూడా కలిపారు. ఆ అరచేయి జుల్ఫికర్ అరచేతి కంటే తడిగా ఉంది.

బయటికొచ్చాడు. సార్ తనను పట్టేశారు, సందేహం లేదు. పట్టుకుని కూడా, పాపం చదువుకున్నవాడని జాలిపడి వదిలేశారు. ఇంకా ఇలాంటి మనుషులున్నారా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కసారి లోపలికెళ్లి కాళ్లకు దండం పెడదామని వెనక్కి తిరిగి, ఓరగా వేసిన తలుపు మీద చేయి వేశాడు.

"అయిపోయింది ప్రభాకర్ సార్, ఒక్కనికి గూడ డౌట్ రాలే," అంటున్నాడు లోపలి మనిషి ఫోన్లో, "సంతకం అచ్చం మీ లెక్కనే పెట్టిన."