ఎండ తగిలే చోటు

"సార్‌ని లోపలికి తీసుకెళ్ళండమ్మా. పాలిష్ మిషన్ పెడితే పొడి లేస్తుంది, కళ్ళల్లో పడుతుంది," అన్నాడు మేస్త్రీ.

"పడనీ బాబూ. తుడవడానికి నేను లేనూ?" అంటూ ఆవిడ చక్రాల కుర్చీని కారుకి మరో అడుగు దగ్గరగా జరిపింది. "ఆయన చూడాలి. మొదటి నుంచి చివరిదాకా చూడాలి."

కుర్చీలో ఉన్నది ఆవిడ భర్త. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కాళ్ళూ చేతులూ మాటా అన్నీ పడిపోయాయి. కళ్ళు మాత్రం తిరుగుతాయి. ఆ కళ్ళు కారుని వదలడం లేదు.

వాకిట్లో నడి ఎండలో నిలబడి ఉంది కారు. యాభై ఏళ్ళ నాటిది. ఒకప్పుడు దానిమ్మ గింజల ఎరుపట. ఇప్పుడు సుద్ద పూసినట్టు పాలిపోయి, చెయ్యి వేస్తే చాలు, గులాబీరంగు పొడి అంటుతోంది.

"ఇంత తంటా ఎందుకమ్మా? పైనుంచి కొత్త పెయింట్ కొట్టించేస్తే పోతుంది కదా," అన్నాడు మేస్త్రీ.

"వద్దు. ఆయన దగ్గరుండి వేయించుకున్న రంగు అది. అదే బయటికి రావాలి. వస్తుందా?"

మేస్త్రీ బానెట్ మూల కాస్త మందు పెట్టి గుడ్డతో రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. రుద్దిన చోట అరచెయ్యంత మేర ఎరుపు నిగనిగలాడుతూ బయటపడింది.

"ఢోకా లేదమ్మా. పైపైన చచ్చింది గాని లోపల ప్రాణం ఉంది."

కుర్చీలోంచి సన్నగా మూలుగు వినిపించింది.

"విన్నారా? లోపల ప్రాణం ఉందట," అంది ఆవిడ, భర్త చెవి దగ్గరికి వంగి.

పని ఐదు రోజులు పట్టింది. మేస్త్రీ వెడల్పాటి భాగాలకి మిషన్ వాడాడు. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుందని, అక్కడ మాత్రం వేలికి గుడ్డ చుట్టుకుని ఓపిగ్గా రుద్దాడు. అతను కుడి తలుపు దగ్గరికి వెళితే ఆవిడ కుర్చీని కుడివైపు తోసేది. డిక్కీ దగ్గరికి వెళితే వెనక్కి తెచ్చేది. భర్తకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడేది. పెదవి చివర చొంగ కారితే కొంగుతో అద్దేది.

ఇలాంటి ఇల్లాలు ఎక్కడుంటుంది అనుకున్నాడు మేస్త్రీ. తనకి జ్వరమొచ్చి మూడు రోజులు మంచమెక్కితే, తన భార్య వాకిలి ఊడుస్తూ "ఇంకా లేవలేదా?" అని మాత్రం అడిగింది.

నాలుగో రోజుకి పెద్దాయన కళ్ళవెంట ధారగా నీళ్ళు కారసాగాయి.

"సంతోషం పట్టలేకపోతున్నారమ్మా," అన్నాడు మేస్త్రీ.

"అవును బాబూ. దీనిమీద ఆయనకి పంచప్రాణాలు."

ఐదో రోజు సాయంత్రం మైనం పూసి, మెత్తటి బట్టతో చివరిసారి తుడిచి, మేస్త్రీ నడుము పట్టుకుని వెనక్కి జరిగాడు. ఇంటి గోడ, మెట్లు, కుర్చీలో ముసలాయన, అన్నీ ఆ ఎరుపులో అద్దంలో కనిపించినట్టు కనిపిస్తున్నాయి.

"ఇలా వచ్చి చెయ్యి వేసి చూడండమ్మా. వెన్నలా ఉంది."

ఆవిడ ముందు భర్త వైపు చూసింది. తరవాత కుడి అరచేతిని బానెట్ మీద ఆనించి, అలాగే నొక్కి ఉంచింది. ఆ చేతికి రెండు వేళ్ళు మధ్యలో వంకరపోయి ఉన్నాయి. అవి చాపినా తిన్నగా రాలేదు.

"వేళ్ళకి ఏమైందమ్మా?"

"కారు మీద నా వేలిముద్రలు పడ్డాయని ఆయన దీని తలుపు వేసేశారు. నేను చెయ్యి తీసుకునేలోపే."

"అయ్యో. పొరపాటున జరిగి ఉంటుంది లెండి."

"ఆఁ. రెండుసార్లూ పొరపాటునే."

మేస్త్రీ గుడ్డలు మడతపెడుతూ మాట మార్చాడు. "ఇంక దీన్ని షెడ్డులో పెట్టించండమ్మా. నీడపట్టున ఉంటే పదేళ్ళయినా ఈ రంగుకి వచ్చిన భయం లేదు."

"ఇక్కడే ఉంచితే?"

"ఈ ఎండకా? ఎనిమిది నెలలు చాలు. రోజుకింత చొప్పున కళ్ళముందే పాలిపోయి మళ్ళీ మొదటికొస్తుంది."

"ఎనిమిది నెలలు," అని ఆవిడ నెమ్మదిగా తల ఊపింది. కుర్చీని వరండా చివరికి తోసి, కారుకి సరిగ్గా ఎదురుగా తిప్పి, కదలకుండా చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు పెట్టింది. భర్త తల పక్కకి వాలిపోతుంటే మెడ కింద దిండు సర్ది, నిటారుగా నిలబెట్టింది.

"అయితే కారుని షెడ్డులోకి తోసెయ్యనా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

ఐదు రోజుల్లో మొదటిసారి పెద్దాయన కళ్ళు కారుని వదిలి అతని వైపు తిరిగాయి. వాటిలో సంతోషమన్నది మచ్చుకైనా లేదు. తోసెయ్యి, తోసెయ్యి అని కాళ్ళావేళ్ళా పడుతున్నట్టున్నాయి.

"వద్దులే, అక్కడే ఉండనీ," అంది ఆవిడ, కొంగుతో భర్త కళ్ళు తుడుస్తూ. "ఎనిమిది నెలలకి కబురు చేస్తాను, తప్పకుండా రా బాబూ. నీకు ముందు చేసినాయన ఈ కళ్ళు చూడలేక రెండుసార్లకే మానేశాడు."